గట్టు మీద ఎర్ర పేలికలు

టైలరమ్మ చేతికి చిక్కిన మనిషి వాగు గట్టుకు చేరకుండా తప్పించుకున్న దాఖలా ఆ వీధిలో లేదు. ఆమె పద్ధతి అలాంటిది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు అద్దం ముందు నిలబడతారు. నడుం చుట్టూ టేపు పడుతుంది. ఆమె పెదాల మధ్య గుండుసూదులుంటాయి. ఆ స్థితిలో ఎంతటి మొనగాడైనా కదలడు. సరిగ్గా అప్పుడే, సూదుల సందులోంచి అడుగుతుంది.

"ఆదివారం పొద్దున ఖాళీయేనా?"

ఖాళీ లేదన్నవాళ్ళ చొక్కాలు వారం ఆలస్యంగా తయారవుతాయని గిట్టనివాళ్ళు ప్రచారం చేశారు. అది పచ్చి అబద్ధం. మహా అయితే రెండు రోజులు ఆలస్యమయ్యేవి.

వాగంటే పెద్ద వాగేం కాదు. వీధిలో ఇళ్ళన్నీ దానికి వీపు పెట్టి కూర్చున్నాయి. వీపు పెట్టాక ఇక సిగ్గేముంది, ఎవరికి అక్కర్లేనిది వాళ్ళు వెనక్కి విసిరేశారు. విరిగిన బకెట్లు, పాత పరుపులు, ఇంటి గోడలు కూలగొట్టిన ఇటుకముక్కలు అన్నీ అందులోకే చేరాయి. టైలరమ్మ కుట్టుగది కిటికీ ఆ వాగు మీదికే తెరుచుకుంటుంది. తెరుచుకుంటుందనడం మర్యాదకే, ఏళ్ళ తరబడి అది మూసే ఉంది. తెరిస్తే కొత్త బట్టలకు మురుగు వాసన పట్టేది. ఒక ఎండాకాలం ఉక్కపోత భరించలేక ఆమె కిటికీ తెరిచి, ముక్కు మూసుకుని, మళ్ళీ మూసేసి, చివరికి కోపం పట్టలేక చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గట్టు దిగిపోయింది. దిగి ఒక పరుపును లాగడం మొదలుపెట్టింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని అత్తగారు వెనక గుమ్మంలోంచి అరిచింది. ఆవిడ మోకాళ్ళు సహకరించక పగలంతా ఆ గుమ్మంలో కుర్చీ వేసుకునే ఉంటుంది. కాళ్ళు ఆగిపోయాయి గానీ నోరు మాత్రం నిక్షేపంగా ఉంది.

ఆ పరుపు రెండో కొస పట్టుకున్నది పక్కింటి కండక్టరు బాబాయి. బస్సు దిగి రిటైరై, ఇంట్లో అందరికీ "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని చెప్పి విసిగిస్తున్న మనిషి. ఆయనకు పని దొరికిందని ఆ ఇంటిల్లిపాదీ టైలరమ్మకు మనసులోనే దండం పెట్టుకున్నారు. తర్వాత ఎదురింటి నర్సు వచ్చింది. ఆ తర్వాత అద్దం ముందు నిలబడ్డ ప్రతివాళ్ళూ వచ్చారు.

వచ్చినవాళ్ళను టైలరమ్మ రెండు జట్లు చేసింది. నర్సు వెంట ఉన్నవాళ్ళు చెత్త ఏరతారు. కండక్టరు వెంట ఉన్నవాళ్ళు పిచ్చిమొక్కలు పీకుతారు. ఏరేవాళ్ళు, పీకేవాళ్ళు అని వాళ్ళ పేర్లు స్థిరపడిపోయాయి. దారినపోయేవాళ్ళు "అక్కడేం పీకుతున్నారు బాబాయ్?" అని నవ్వితే, కండక్టరు "కలుపు. నీ వీలు చూసుకుని నువ్వూ రా" అనేవాడు. రెండు జట్లకూ ఒకరంటే ఒకరికి పోటీ. ఏరేవాళ్ళు నడిచిన దారిలో అగ్గిపుల్ల కూడా మిగలకూడదు. పీకేవాళ్ళు దాటిన చోట గడ్డిపోచ కూడా తల ఎత్తకూడదు. ఇంత శ్రద్ధ గల జనం దొరకడం తన అదృష్టమని టైలరమ్మకు తెలుసు. కానీ ఆ మాట వాళ్ళతో ఎప్పుడూ అనలేదు. బాగా కుట్టిన కుట్టును చూసి ఎవరు మాత్రం మాట్లాడతారు, ఊడితేనే కదా నోరు లేచేది.

చిక్కు వానల వల్ల వచ్చింది. పోయిన వానాకాలం వాగు పొంగి గట్టు సగం కోసేసింది. మునిసిపాలిటీ ఇంజనీరు వచ్చి, రెండువైపులా సిమెంటు గోడ కట్టేస్తే సరిపోతుందన్నాడు. సరిపోతుంది, నిజమే. కాకపోతే అప్పుడది వాగు కాదు, కాలువ కూడా కాదు, పైకప్పు లేని గొట్టం. టైలరమ్మ ఆయన వెంటపడింది. ఆయన ఆఫీసుకు వెళ్ళింది, ఆయన భార్య జాకెట్లు కుట్టించుకునే చోటు కనుక్కుని అక్కడా చెప్పించింది. చివరికి ఆయన చేతులెత్తేసి, "సరేనమ్మా, గట్టు మీద వేళ్ళు పట్టుకునే మొక్కలు పెంచండి. వానలకు ముందు వచ్చి చూస్తా. మట్టి నిలిచేటట్టుంటే గోడ ఊసెత్తను. లేకపోతే మాత్రం నన్నేం అనొద్దు" అన్నాడు.

అందుకని వట్టివేరు తెప్పించింది. గట్టు కోతకు అంతకంటే మంచి మందు లేదు, దాని వేళ్ళు మనిషి లోతుకు దిగి మట్టిని పట్టేస్తాయి. హాస్టలు ఆడపిల్లలు ఒక బృందంగా వచ్చి ఆ పిలకలన్నీ గట్టు పొడవునా నాటి, సెలవులకు ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఒక్కటే ఇబ్బంది. లేత వట్టివేరు చూడ్డానికి అచ్చం పిచ్చిగడ్డిలా ఉంటుంది. అందుకే టైలరమ్మ మిగిలిన ఎర్ర లైనింగు గుడ్డను పేలికలుగా చింపి, ప్రతి దుబ్బు పక్కనా ఒక పుల్ల గుచ్చి దానికి కట్టించింది. కొన్నాళ్ళపాటు గట్టు పెళ్ళిపందిరిలా ఎర్రగా మెరిసింది. మొక్కలు వేళ్ళూనేదాకా ఎవరూ గట్టు తొక్కొద్దని టైలరమ్మ రెండు జట్లకూ సెలవిచ్చింది. ఈలోగా ఎండకూ దుమ్ముకూ ఆ ఎరుపు మట్టిరంగులో కలిసిపోయింది.

నెలాఖరుకు రావాల్సిన ఇంజనీరు ఈ బుధవారమే వస్తున్నానని కబురు పెట్టాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, దానికి ముందు ఆదివారమే టైలరమ్మ బడిపిల్లల యూనిఫారాలు అప్పగించాలి. ఎప్పుడూ వేర్వేరు ఆదివారాల్లో పనిచేసే రెండు జట్లనూ ఆ రోజు ఒకేసారి పిలిచింది. పొద్దున్నే మెడలో టేపుతో వెనక గుమ్మంలోకి వచ్చి, అత్తగారి కుర్చీ వెనక నిలబడి, గట్టు మీదున్నవాళ్ళకు ఎవరేం చెయ్యాలో కేకలేసి చెప్పింది. చెప్పి, లోపలికెళ్ళి మెషీను ముందు కూర్చుంది.

మధ్యాహ్నానికి పని ముగించి, యూనిఫారాల మూట అప్పగించి, తేలికపడ్డ మనసుతో గట్టు దిగింది. దిగి చూస్తే గట్టు నున్నగా గీసిన గుండులా ఉంది.

ఎర్ర పేలిక లేదు. గడ్డిపోచ లేదు. మట్టి, మట్టి, ఆ చివరిదాకా మట్టి.

కండక్టరు బాబాయి నుదుటి చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చూశావా అమ్మాయ్! ఇంజనీరు కాదు, వాడి తాత రానీ ఇప్పుడు. కొన్ని దుబ్బులైతే మహా మొండివనుకో. లాగితే రాలేదు. పార పెట్టి, వేళ్ళతో సహా లేపాం."

"బాబాయ్," అంది టైలరమ్మ. "వట్టివేరేది?"

"ఎర్ర పేలికలున్నవా? మాకొక్కటీ కనపడలేదే. ఇటువైపు ఇంకా నాటలేదేమోననుకున్నాం."

నర్సు చెత్త సంచి భుజానేసుకుని వచ్చింది. ఆమె జట్టు పీకేవాళ్ళకంటే ముందే గట్టంతా తిరిగింది. నాటిన రోజున ఆమె ఆసుపత్రి డ్యూటీలో ఉంది. సంచి మూతి విప్పి చూపించింది. ప్లాస్టిక్ సీసాల మధ్య, మట్టికొట్టుకున్న గుడ్డపేలికలు, పుల్లలతో సహా, గుప్పెళ్ళకు గుప్పెళ్ళు.

"ఇవా అక్కా?" అని అడిగింది నెమ్మదిగా. అడుగుతుండగానే ఆమెకు అర్థమైపోయింది.

ఏరేవాళ్ళు గుర్తులన్నీ ఏరేశారు. గుర్తు లేనివన్నీ పీకేవాళ్ళు పీకేశారు. రెండు జట్లలో ఏ ఒక్కటి కాస్త బద్ధకించినా సగం మొక్కలు బతికేవి. బద్ధకించే అలవాటే లేకపోయింది వాళ్ళకు.

అప్పుడు లేచింది టైలరమ్మ నోరు. "కళ్ళున్నాయా మీకు? ఎవరైనా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఇదేమిటని ఆలోచించారా? దీనికంటే గొడ్లను తోలుంటే నయం, అవి కడుపు నిండాకైనా ఆగేవి! ఇన్నాళ్ళ కష్టం ఒక్క పూటలో మట్టిలో కలిపేశారు. రేపు గోడ కడుతుంటే వచ్చి చూడండి, మీరు కట్టించిన గోడ!"

కండక్టరు ఏదో అనబోయాడు. నర్సు ఆయన మోచేతి మీద చెయ్యి వేసింది. ఆయన నోరు మూసుకుని, చేతిలోని పార కిందపెట్టాడు. టైలరమ్మ ఆగకుండా మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

కుట్టుగదిలో కూర్చుని మెషీను తొక్కింది. సూదిలో దారం లేదని కాసేపటికి గాని చూసుకోలేదు. గోడ సంగతి సరే. అంతకంటే పెద్ద భయం ఒకటి మెల్లగా మొదలైంది. అన్నన్ని మాటలు పడ్డాక ఎవరొస్తారు? నడుం చుట్టూ టేపు వేస్తే మనిషి ఒక్క ఆదివారం వస్తాడేమో గానీ ఇన్ని ఆదివారాలు రాడు. ఇన్నాళ్ళూ వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. ఇక రారు.

వెనక గుమ్మంలోంచి అత్తగారి గొంతు వినిపించింది. ఆవిడ ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"అయిందా తల్లీ అరవడం?"

"మీరు కూడా మొదలెట్టకండి అత్తయ్యా. అసలే ఒళ్ళు మండిపోతోంది."

"మండదూ మరి. ఒక్క మాటడుగుతా. పొద్దున నా నెత్తిమీద నిలబడి ఆ నర్సుతో ఏమన్నావు?"

టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కించసాగింది.

"నా చెవులు బాగానే ఉన్నాయి. 'గుడ్డపేలికతో సహా ఒక్క చెత్తముక్క కనపడకూడదు' అన్నావు. ఆ తర్వాత కండక్టరుతో ఏమన్నావు? 'ఎర్ర పేలిక ఉన్నదాన్ని ముట్టుకోవద్దు, లేనిదాన్ని వదలొద్దు' అన్నావు. వాళ్ళు నువ్వు చెప్పింది చెప్పినట్టే చేశారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నీ నోరు నీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?"

పొద్దున తన గొంతులోంచి వచ్చిన కేక టైలరమ్మకు అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. మొహంలోకి వేడి పాకింది. ఆ కేక విన్నది అత్తగారొక్కతే కాదు, గట్టు మీదున్న అందరూ విన్నారు. తను గొడ్లతో పోలుస్తున్నప్పుడు కూడా వాళ్ళందరికీ అది గుర్తుండే ఉంటుంది. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు "నువ్వే కదా చెప్పావు" అనలేదు.

లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. గట్టు ఖాళీగా ఉంటుందని, ఇంటింటికీ తిరిగి తలుపు తట్టి క్షమించమని అడగాలని అనుకుంటూనే దిగింది.

గట్టు ఖాళీగా లేదు. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. పీకిన గడ్డి కుప్ప చుట్టూ అందరూ గొంతుక్కూచుని ఉన్నారు. ఒక్కొక్కరూ ఒక్కో దుబ్బు చేతిలోకి తీసుకుని, వేళ్ళు నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నారు. వాసన వస్తే బకెట్లోకి, రాకపోతే వెనక్కి. ఇళ్ళల్లోని బకెట్లు, టబ్బులు, పిల్లల స్నానాల తొట్టెలు నీళ్ళతో నింపి వరసగా పెట్టారు. గట్టు మీద ఇంతమంది పెద్దమనుషులు గడ్డి వేళ్ళు మూచూస్తూ కూర్చోవడం దారినపోయేవాళ్ళకు ఎలా కనిపించిందో గాని, అక్కడెవరూ నవ్వడం లేదు.

వట్టివేరుకు వాసన ఉంటుంది, లేతదైతే పల్చగానైనా ఉంటుంది. ఆ సంగతి గుర్తొచ్చింది నర్సుకు. వేళ్ళు ఎండకుండా తడిలో ఉంచితే మళ్ళీ నాటుకోవచ్చన్నది కూడా ఆమే.

"సిస్టర్..." అంటూ టైలరమ్మ దగ్గరకెళ్ళింది. "నేను పొద్దున..."

"అక్కా, ముందిది చూడు," అంటూ నర్సు ఒక దుబ్బు తీసుకొచ్చి ఆమె ముక్కు కింద పెట్టేసింది. "ఇది వట్టివేరేనా? నాకు వాసన తేడా తెలియడం మానేసింది. అన్నీ ఒకేలా ఉన్నాయి."

ముక్కు కింద గడ్డి పెట్టాక క్షమాపణ ఎక్కడ చెప్పగలదు. వాసన చూసింది. మట్టి, దాని వెనక చల్లగా ఇంకేదో.

"అవును. వట్టివేరే."

"బకెట్లో వెయ్యి మరి. కూర్చో, కూర్చో. ఆ కండక్టరు గారి వాటా నువ్వు చూడు. ఏళ్ళ తరబడి నశ్యం పీల్చిన ముక్కు అది, ఆయన దేన్నీ వదలకుండా అన్నీ వట్టివేరేనంటున్నాడు."

"ఎక్కువైతే నష్టమేముంది?" అన్నాడు కండక్టరు అటు తిరిగే. "పాపం అన్నిటికీ సీటిస్తే పోలా?"

టైలరమ్మ కూర్చుంది. క్షమాపణ గొంతులోనే ఉండిపోయింది. ఎప్పుడు నోరు తెరవబోయినా ఎవరో ఒకరు ఒక దుబ్బు అందిస్తున్నారు. వాళ్ళు కావాలనే అలా చేస్తున్నారని ఆమెకు కాసేపటికి తెలిసింది. తెలిశాక కళ్ళు నిండాయి. వేళ్ళ మట్టి కళ్ళలో పడిందనుకుంటారులే అని ఊరుకుంది. ఏరేవాళ్ళు గుంటలు తవ్వారు, పీకేవాళ్ళు నాటారు. పొద్దు వాలేసరికి గట్టు మీద మళ్ళీ వరసలు నిలబడ్డాయి. నిలబడ్డాయంటే నిలబడలేదు, అన్నీ తలలు వేలాడేసి ఉన్నాయి. కొన్ని చచ్చిపోయాయి కూడా. అయినా ఆ రాత్రి టైలరమ్మకు గోడ గురించి భయం వేయలేదు. ఇంతమంది తనను వదిలి వెళ్ళలేదన్న కృతజ్ఞత గుండెల్లో బరువుగా కూర్చుని, ఇంకే భయానికీ చోటివ్వలేదు.

సోమవారం, మంగళవారం పొద్దునా సాయంత్రమూ ఎవరో ఒకరు నీళ్ళు పోస్తూనే ఉన్నారు. ఎవరు ఎప్పుడు పొయ్యాలో ఈసారి టైలరమ్మ చెప్పలేదు. వాళ్ళే మాట్లాడుకున్నారు.

బుధవారం ఇంజనీరు వచ్చాడు. గట్టు వెంట నడిచాడు. వంగి ఒక దుబ్బు పట్టుకుని కొంచెం లాగాడు. అది ఊడి చేతిలోకి వచ్చేసింది. ఆయన దాన్ని చూశాడు, చుట్టూ ఉన్నవాళ్ళను చూశాడు.

"ఇది నాటి నాలుగు రోజులు కూడా అయినట్టు లేదే. నెలనాడే నాటామన్నారు కదమ్మా?"

"పొరపాటు మాదండీ," అన్నాడు కండక్టరు ముందుకొచ్చి. "కలుపనుకుని మేమే పీకేశాం."

"వాళ్ళది కాదండీ, గుర్తులు ఏరేసింది మేము," అంది నర్సు. "గుర్తుంటే వాళ్ళు ముట్టుకునేవాళ్ళు కాదు."

వెనక నుంచి ఇంకెవరో "పార తెచ్చిచ్చింది నేనండీ" అన్నారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇలా ఎగబడి పంచుకోవడం టైలరమ్మ ఎక్కడా చూడలేదు. ఇక ఆగలేకపోయింది. ఎవరు దుబ్బు అందించినా సరే, ఈసారి నోరు మూసుకోదు.

"వీళ్ళ మాటలు నమ్మకండి సార్. గుడ్డపేలికలన్నీ ఏరమన్నది నేను. పేలిక లేనిదల్లా పీకమన్నది నేను. నేను చెప్పిందే చేశారు వీళ్ళు. పైగా నేనే తిట్టాను. నేను తిట్టి ఇంట్లోకి పోతే, వీళ్ళు ఒక్కరూ కదలకుండా కూర్చుని, చెత్తకుప్పలోంచి ఒక్కొక్క వేరు వాసన చూసి ఏరి, ఆ పూటే మళ్ళీ నాటారు. మీకు గోడ కట్టాలనిపిస్తే కట్టండి. కానీ వీళ్ళది తప్పని మాత్రం ఎక్కడా రాయకండి."

ఇంజనీరు చేతిలోని దుబ్బు వేళ్ళు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయనా వాసన చూశాడు. తర్వాత వంగి, దాన్ని తీసిన గుంటలోనే పెట్టి, బూటుతో మట్టి తొక్కాడు.

"గట్టు నిలుస్తుందని నేను చెప్పలేనమ్మా," అన్నాడు. "కానీ ఇంతమంది కాపలా ఉన్న గట్టు నా పరిధిలో ఇంకోటి లేదు. ఈ వానాకాలం వరకు గోడ పని ఆపిస్తాను. వానలయ్యాక మళ్ళీ వస్తా. అప్పుడు లాగితే మాత్రం రాకూడదు."

ఆయన జీపు మలుపు తిరిగిందో లేదో, ఒకటే గోల. ఎవరో చప్పట్లు కొట్టారు. వెనక గుమ్మంలోంచి అత్తగారు "ఏమన్నాడే? ఎవరైనా చెప్పండే!" అని అరుస్తోంది. చెప్పడానికి నర్సు పరిగెత్తింది.

కండక్టరు ఊడిన దుబ్బు దగ్గర కూర్చుని, చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. టైలరమ్మ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"బాబాయ్, ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. ఆ రోజు నేనన్ని మాటలు అంటుంటే, 'నువ్వు చెప్పిందే కదా చేశాం' అనొచ్చుగా? మీరు అనబోయారు కూడా. ఎందుకు ఊరుకున్నారు?"

కండక్టరు చెంబు కిందపెట్టాడు.

"నువ్వు వెళ్ళాక అందరం ఆ మాటే అనుకున్నాం. ఆ మాట నీకు చెప్పొద్దని కూడా అనుకున్నాం," అన్నాడు. "చెబితే నువ్వు చిన్నబుచ్చుకుని, ఇక మమ్మల్ని పిలవడం మానేస్తావేమోనని భయపడ్డాం అమ్మాయ్."

ఆదివారం మధ్యాహ్నం దారం లేని మెషీను తొక్కుతూ టైలరమ్మ పడ్డ భయమే అది. అదే పూట, కుప్ప చుట్టూ కూర్చుని వాళ్ళందరూ తన గురించి పడ్డారు. వాళ్ళు దొరకడం తన అదృష్టమని, అన్నేళ్ళుగా అనని ఆ మాట ఆమె అప్పుడు అనేసింది, ఆయనకు చేతులు జోడించి, గట్టు మీదున్న అందరికీ వినపడేటట్టు.